లింకు వేగము: నిర్వాహకునకు తెర చెప్పవలసిన మాట

తెలుగు ఉపన్యాసకులకు నెట్‌వర్క్ తీగెలతో నేమి పని యని ఈ శీర్షిక చూచిన మిత్రులు అడుగవచ్చును. పని కలదు. మా వంటి చిన్న కళాశాలలలో ప్రతి ఉపన్యాసకుడును తన పాఠముతో పాటు మరి రెండు మూడు బాధ్యతలు మోయక తప్పదు. ఒకరికి ఎన్.ఎస్.ఎస్., ఒకరికి గ్రంథాలయము, ఒకరికి పరీక్షల విభాగము. మా వంతునకు కంప్యూటరు గది వచ్చినది. అయితే ఈ వ్యాసము వ్రాయుటకు అది యొక్కటే కారణము కాదు. ఒక యంత్రము తన స్థితిని మనుష్యునకు ఏ మాటలతో తెలుపవలెననునది యంత్రశాస్త్రమునకు ఎంత చెందినదో భాషకును అంత చెందిన ప్రశ్న. మాటను, అర్థమును పట్టి చూచుట మా వృత్తి. ఆ దృష్టితోనే, రెండు పరికరముల నడుమ నున్న లింకు యొక్క వేగమును, డ్యూప్లెక్సును నిర్వాహకునకు చూపు తెరలను గూర్చి మా అభిప్రాయమును ఇచట మనవి చేయుచున్నాము.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. ఈ తెరలలో అనేకము ఫలితమును మాత్రము చెప్పి ఊరకుండును. ‘100 మెగాబిట్లు, హాఫ్ డ్యూప్లెక్స్’ అని ఒక పంక్తి కనబడును. ఆ ఫలితము ఎట్లు వచ్చినదో ఆ పంక్తిలో ఉండదు. ఇరుపక్షములు ఒకదానితో నొకటి మాటలాడుకొని ఒప్పందమునకు వచ్చినవా, లేక ఎదుటి పక్షము మౌనము వహింపగా ఈ పక్షము తనంతట తాను ఊహించుకొన్నదా? ఈ తేడా తెలియని నిర్వాహకుడు దినములు, ఒక్కొక్కప్పుడు నెలలు, చీకటిలో వెదకులాడవలసి వచ్చును. అతనిపై ఆధారపడిన వారికి కలుగు నష్టము వేరు.

వేగమనగా సెకనుకు ఎన్ని బిట్లు తీగెపై సాగునో ఆ లెక్క. దానిని బోధపరచ నక్కరలేదు. డ్యూప్లెక్స్ అను మాటయే కొంత వివరణ కోరును. పోలీసువారి వైర్‌లెస్ సెట్టులో ఒకరు మాటలాడునపుడు మరియొకరు వినవలసినదే. ‘ఓవర్’ అన్న పిదపనే రెండవవారి వంతు వచ్చును. ఇది హాఫ్ డ్యూప్లెక్స్. టెలిఫోనులో ఇరువురును ఏకకాలమున మాటలాడవచ్చును. పెండ్లి సంబంధములు కుదుర్చు వేళ మన బంధువులు ఆ సౌకర్యమును పూర్తిగా వినియోగించుకొనుట అందరును ఎరిగినదే. ఇది ఫుల్ డ్యూప్లెక్స్.

1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు ఈథర్‌నెట్‌ను రూపొందింప నారంభించినపుడు కంప్యూటర్లన్నియు ఒకే కేబులును పంచుకొనెడివి. ప్రతి యంత్రమును ముందు వినవలెను. తీగె నిశ్శబ్దముగా నున్నచో మాటలాడవలెను. రెండు ఒకేసారి మొదలిడి ఢీకొన్నచో రెండును ఆగి, కొంతసేపు వేచి, మరల ప్రయత్నింపవలెను. అనగా అది పుట్టుకతోనే హాఫ్ డ్యూప్లెక్స్. 1983లో ఐ.ఇ.ఇ.ఇ. వారు దీనిని సెకనుకు 10 మెగాబిట్ల ప్రమాణముగా స్థిరపరచిరి. 1990 నాటికి టెలిఫోను తీగెల వలె మెలిపెట్టిన జంట తీగెలపై ఈథర్‌నెట్ నడచుటకు ప్రమాణము వచ్చినది. అందులో పోవుటకు ఒక జంట, వచ్చుటకు మరియొక జంట. నడుమ స్విచ్చి చేరి ప్రతి యంత్రమునకు దాని తీగె దానికే దక్కిన పిదప ఢీకొనుటకు మరియొకరు లేరు. కనుక ఇరువైపులా ఒకేసారి మాటలాడుటకు అడ్డు తొలగినది. 1995లో 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రమాణము, దానితోడనే ‘ఆటో నెగోషియేషన్’ అను ఒప్పంద పద్ధతియు వెలువడినవి. ఫుల్ డ్యూప్లెక్సునకు ప్రమాణము 1997లోను, జంట తీగెలపై 1000 మెగాబిట్లకు ప్రమాణము 1999లోను వచ్చినవి.

ఆ ఒప్పంద పద్ధతిలోనే మన కథ యంతయు ఉన్నది. దానిని మా కళాశాల ఆవరణము నుండియే ఒక పోలికతో చెప్పవచ్చును. ఇచట ఉర్దూ మాధ్యమపు విద్యార్థియు, తెలుగు మాధ్యమపు విద్యార్థియు తొలిసారి కలిసికొన్నపుడు ఏమి జరుగును? ‘నాకు ఉర్దూ వచ్చును, తెలుగు వచ్చును, ఇంగ్లీషు కొంచెము వచ్చును’ అని ఒకడు చెప్పును. ‘నాకు తెలుగు, ఇంగ్లీషు వచ్చును’ అని రెండవవాడు చెప్పును. ఇరువురికిని వచ్చిన వానిలో మేలైనదానిని పట్టుకొని సంభాషణ సాగింతురు. నెట్‌వర్క్ కార్డులు చేయునదియు ఇదియే. తీగె తగిలించిన వెంటనే ప్రతి పక్షమును చిన్న విద్యుత్ స్పందనల రూపమున, పదునారు బిట్ల మాటగా, తనకు ఏయే వేగములు, ఏయే డ్యూప్లెక్సులు చేతనగునో ప్రకటించును. ఇరువురి జాబితాలలోను ఉన్న వానిలో అన్నిటికంటె పైదానిని ముందే నిర్ణయించిన వరుస ప్రకారము ఎన్నుకొందురు. వరుస ఇరువురికిని ఒక్కటే గనుక నిర్ణయమును ఒక్కటే యగును. ఇందులో తగవునకు తావులేదు.

తగవు వచ్చునది ఒక పక్షము నోరు విప్పనపుడు. నిర్వాహకుడు ఒక వైపున ఆటోను తీసివేసి ‘100, ఫుల్’ అని బిగించినాడనుకొందము. అనేక పరికరములలో, అట్లు బిగించినచో ఆ వైపు ప్రకటనయే మానివేయును. మా పోలికలో, ఒకడు తన పరిచయము చెప్పక నేరుగా ఉర్దూలో ప్రసంగము మొదలిడినట్లు. వినువాడు అది ఉర్దూ యని చెవితోనే గుర్తింపగలడు. కాని నడుమ తాను మాట కలిపినచో ఆ వక్త సహించునో సహింపడో ఆ ధ్వనిని బట్టి తెలియదు. వినువాడు మర్యాదస్తుడు గనుక అతడు ముగించువరకు ఆగుటయే క్షేమమని తలచును. సరిగా ఇట్లే, ఎదుటి తీగెపై వచ్చు సంకేతపు తీరును బట్టి 10 మెగాబిట్లో 100 మెగాబిట్లో కార్డు తెలిసికొనును. డ్యూప్లెక్సును గూర్చి ఆ సంకేతములో ఏ గుర్తును లేదు గనుక, ప్రమాణము శాసించినట్లు, హాఫ్ అని నిశ్చయించుకొనును.

ఇప్పుడు స్థితి చూడుడు. వేగము ఇరువైపుల 100. దీపములు ఇరువైపుల వెలుగుచున్నవి. కాని ఒకరు ఫుల్, ఒకరు హాఫ్. ఫుల్ వైపున నున్నవాడు ఎదుటివాడు మాటలాడుచుండగనే తాను మొదలిడును. అది అతని హక్కని అతని నమ్మకము. హాఫ్ వైపున నున్నవాడు దానిని ఢీకొనుటగా భావించి, మాట నడుమ ఆపివేయును. అట్లు సగములో తెగిన మాట ఫుల్ వైపునకు చెడిపోయిన సరకుగా చేరి, అచటి లెక్కలో సి.ఆర్.సి. దోషముగా నమోదగును. హాఫ్ వైపున ‘లేట్ కొలిజన్’ అను లెక్క పెరుగుచుండును. మామూలుగా ఢీకొనుట అనునది మొదటి 64 బైట్లలోనే జరిగిపోవలెను. దాని తరువాత జరిగినదనగా ఎచటనో నియమము తప్పినదని అర్థము. ఇంత జరుగుచున్నను పింగ్ అను పరీక్ష చక్కగా నెగ్గును. ఒక చిన్న ప్రశ్న, ఒక చిన్న జవాబు. ఒకదానిపై నొకటి పడవు. పెద్ద ఫైలు పంపినప్పుడే, పోవు సరకు, తిరిగి వచ్చు రసీదులు ఎదురెదురై, వేగము పడిపోవును. మామూలు పరీక్షలలో చిక్కని రోగమిది.

నోరు విప్పకుండ బిగించు ఈ అలవాటు మూర్ఖత్వము వలన రాలేదని కూడ చెప్పవలెను. 1995 తరువాతి తొలి సంవత్సరములలో ఒక సంస్థవారి కార్డును మరియొక సంస్థవారి స్విచ్చియు ఒప్పందమునకు రాలేక తడబడిన సందర్భములు నిజముగానే ఉండెను. ఆ బాధ పడిన నిర్వాహకులు ‘ఆటోను నమ్మకుము, రెండు వైపుల బిగించుము’ అని శిష్యులకు నేర్పిరి. ప్రమాణములోని సందిగ్ధములు తరువాత తొలగినవి, కార్డులు బాగుపడినవి, ఉపదేశము మాత్రము నిలిచిపోయినది. పైగా రెండు వైపుల బిగింపవలెనన్న మాటలో ‘రెండు వైపుల’ అను భాగము కాలక్రమమున జారిపోయినది.

దీని ఫలితమును మేము కన్నులార చూచితిమి. మా కంప్యూటరు గదికి ఇంటర్నెట్టు ఇచ్చు సంస్థవారు గోడకు ఒక చిన్న పెట్టె బిగించిరి. అద్దపు తీగెపై వచ్చు కాంతిని రాగి తీగెకు మార్చు మీడియా కన్వర్టరు అది. దానిని ‘100, ఫుల్’ అని బిగించి యుంచిరి. మా రౌటరు ఆటోలో నుండెను. ఉపకార వేతనముల దరఖాస్తులకు గడువు ముగియవచ్చిన వారము. పిల్లలు ఆదాయ ధ్రువపత్రమును, మార్కుల జాబితాను ఎక్కింపవలెను. దరఖాస్తు పేజీ తెరచుకొనును. పేరు, తండ్రి పేరు అన్నియు నింపుదురు. పత్రము ఎక్కించునపుడు చక్రము తిరుగుచునే యుండి, చివరకు సమయము మించినదని చెప్పును. సంస్థవారి మనిషి మూడుమార్లు వచ్చెను. రౌటరు తెరపై ‘100 మెగాబిట్లు, కనెక్టెడ్’ అని పచ్చని అక్షరములు చూచెను. పింగ్ కొట్టి చూచెను. ‘మా లైను బాగుంది సార్, మీ సిస్టములే పాతవి’ అని మూడుమార్లును చెప్పి వెడలిపోయెను. పిల్లలు బజారులోని నెట్ సెంటరునకు పోయి, దరఖాస్తునకు యాభై రూపాయల చొప్పున చెల్లించి పని జరుపుకొనిరి. కూలికి పోయి చదువుకొను పిల్లలకు అది చిన్న మొత్తము కాదు. ఆ సొమ్ము లేక గడువు దాటించుకొన్నవారును కలరు.

హైదరాబాదులో నెట్‌వర్క్ పనిచేయు మా పూర్వ విద్యార్థి యొకడు వేరే పనిమీద వచ్చి, ఈ సంగతి విని, రౌటరు ముందు కూర్చుండెను. అతడు అడిగిన మొదటి ప్రశ్న ఇది: ‘సార్, ఇందులో డ్యూప్లెక్స్ ఎక్కడ చూపిస్తుంది?’ మొదటి పేజీలో ఎచటను లేదు. లోపల నాలుగవ పేజీలో ‘హాఫ్’ అని ఉన్నది. దానికి దిగువ లేట్ కొలిజన్ లెక్క మా కన్నుల యెదుటనే పెరుగుచున్నది. అతడు ఆ సంస్థకు ఫోను చేసి వారి పెట్టెను ఆటోకు మార్పించెను. మరుక్షణము ‘ఫుల్’ అని వచ్చినది. రోగము గుర్తించుటకు అతనికి పట్టిన సమయము టీ చల్లారునంత కూడ కాదు. ఆ పచ్చని పంక్తిలో ఒక్క మాట అధికముగా నున్నచో మొదటిమారు వచ్చిన మనిషియే దానిని గుర్తించి యుండెడివాడు. అతని చదువును, శ్రద్ధను నిందించుట సులభము. అతనికి తెర చెప్పినది మాత్రము అంతే.

ఇక తెరలను గూర్చి. ఈ విషయమున చరిత్ర కొంత వినోదకరముగా కూడ నున్నది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థవారి సోలారిస్ యంత్రములలో 100 మెగాబిట్ల కార్డొకటి ఉండెడిది. దాని డ్రైవరు పేరు హెచ్.ఎం.ఇ.; ‘హ్యాపీ మీల్ ఈథర్‌నెట్’ అను మాటలకు అది పొడి అక్షరముల రూపము. లింకు స్థితి తెలియగోరిన నిర్వాహకుడు ఎన్.డి.డి. అను ఆదేశముతో అడుగవలెను. వేగమును అడిగిన ‘1’ అని జవాబు వచ్చును. ఒకటి యనగా ఒక మెగాబిట్టు కాదు, నూరు మెగాబిట్లు. సున్న యనగా పది. డ్యూప్లెక్సును అడిగినను ‘1’ అనియే జవాబు. అచట ఒకటి యనగా ఫుల్, సున్న యనగా హాఫ్. సరే, కంఠస్థము చేసితిమనుకొందము. అదే సంస్థవారి తరువాతి గిగాబిట్ కార్డునకు సి.ఇ. అను డ్రైవరు వచ్చినది. దాని గణాంకములలో డ్యూప్లెక్సునకు ‘1’ అని యున్నచో హాఫ్, ‘2’ అని యున్నచో ఫుల్! ఒకే సంస్థ, ఒకే ఆపరేటింగ్ సిస్టమ్, ఒకే అంకె; ఒక కార్డులో అమృతము, మరియొక కార్డులో విషము. వ్యాకరణమున నానార్థములు ఉండవచ్చును గాని, అవి విరుద్ధార్థములై ఒకే నిఘంటువున ఏ సూచనయు లేక పక్కపక్కన కూర్చుండుట సహింపరానిది. పైగా ఆ ఆదేశముతో చేసిన మార్పులు యంత్రమును తిరిగి ప్రారంభింపగనే మాసిపోయెడివి.

ఆ సంస్థవారే తరువాత దీనిని చక్కదిద్దిరని న్యాయముగా చెప్పవలెను. డి.ఎల్.ఎ.డి.ఎం. అను ఆదేశమును విస్తరించి, అన్ని కార్డులకును ఒకే తీరున జవాబు వచ్చునట్లు చేసిరి. అందు ఈథర్‌నెట్ వివరములను విస్తారముగా అడిగినచో నాలుగు వరుసలు వచ్చును. ప్రస్తుతము నడచుచున్నది ఒక వరుస. ఈ కార్డునకు చేతనగునవి ఒక వరుస. వానిలో ఈ కార్డు ప్రకటించుచున్నవి ఒక వరుస. ఎదుటివాడు ప్రకటించినవి ఒక వరుస. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ పరమైనది గాని ఈ వరుసలు సోలారిస్‌లో నిలిచినవి. మేము చూచిన ప్రదర్శనలలో దీనిని ఉత్తమమైన వానిలో నొకటిగా నెంచుచున్నాము. ఇచట ఫలితమునకు పక్కనే దాని సాక్ష్యమున్నది. నాలుగవ వరుస ఖాళీగా నున్నచో ఎదుటివాడు మౌని యని తెలిసిపోవును. డ్యూప్లెక్సును ‘ఎఫ్’, ‘హెచ్’ అను ఒంటి అక్షరములతో పొదుపు చేయుట యొక్కటియే మాకు నచ్చని సంగతి.

లినక్స్‌లోని ఈథ్‌టూల్ కూడ ఇంచుమించుగా ఇదే చెప్పును. కార్డు సమర్థత, ప్రకటన, ఎదుటివాని ప్రకటన, వేగము, డ్యూప్లెక్సు, ఆటో ఉన్నదా లేదా, లింకు తగిలినదా లేదా అని వరుసగా, పూర్తి మాటలతో వ్రాయును. ఎదుటివాడు ఆటోను ప్రకటించినాడా అనుదానికి వేరుగా ఒక పంక్తి కూడ కలదు. నిధి యంతయు అందులోనే ఉన్నది. తవ్వుకొనుట మాత్రము చదువరి వంతు. ‘ఎదుటివాడు ప్రకటింపలేదు’ అను పంక్తిని, ఆరేడు పంక్తుల దిగువనున్న ‘హాఫ్’ అను పంక్తితో జోడించి అర్థము లాగగలవాడు అనుభవజ్ఞుడు. అనుభవజ్ఞునకు ఈ సహాయము అంతగా అక్కరలేదు.

సిస్కో స్విచ్చిలలో పోర్టుల పట్టికను అడిగినచో ‘ఎ-ఫుల్’, ‘ఎ-100’ అని సంక్షిప్తముగా వచ్చును. ముందున్న ‘ఎ’ అను అక్షరము ఆటోకు గుర్తు. బిగించిన విలువకు ఆ అక్షరముండదు. ఒక్క అక్షరముతో ఇంత చెప్పుట మెచ్చదగినదే. కాని ‘ఎ-హాఫ్’ అని యున్నప్పుడు అది ఇరువురును ఒప్పుకొన్న హాఫా, లేక మౌనమునకు ఎదురుగా ఊహించిన హాఫా? రెంటికిని అదే వ్రాత. ఊహకు ఒప్పందపు ముద్ర వేసినట్లున్నది. పొరుగు పరికరముతో మాటలాడు సి.డి.పి. పద్ధతి ద్వారా డ్యూప్లెక్సులు సరిపడలేదని ఆ స్విచ్చిలే హెచ్చరిక వ్రాయుట మాత్రము గొప్ప ఉపకారము. 2005లో వచ్చిన ఎల్.ఎల్.డి.పి. ప్రమాణము కూడ ఇట్టి సమాచారమును ఏ సంస్థవారి పరికరములైనను పంచుకొనుటకు దారి యేర్పరచినది. అయితే మా గోడకున్న పెట్టె వంటివి ఏ భాషయు మాటలాడవు. వాని విషయమున ఈ వైపు తెర చెప్పినదే దిక్కు.

విండోస్ సంగతి వేరు. అచట కార్డు గుణములలో ‘స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్’ అను ఒకే పెట్టె. దానిని విప్పిన ఆటో, 10 హాఫ్, 10 ఫుల్, 100 హాఫ్, 100 ఫుల్ అని జాబితా. ఆ పెట్టె మనము కోరినదానిని చూపును, కుదిరినదానిని చూపదు. కుదిరినదానికై స్థితి తెలుపు కిటికీని తెరచినచో వేగము మాత్రము కనబడును. కొత్త విండోస్‌లో స్వీకరణ, ప్రసారము అని గీత గీచి రెండు అంకెలు కూడ వేసినారు. రెండు అంకెలను జంటగా చూచిన సామాన్యుడు రెండు దారులున్నవని భ్రమపడుటకు అవకాశమున్నది. వానిని బట్టి డ్యూప్లెక్సు తెలియదు. పవర్‌షెల్‌లో అడుగ నేర్చినవానికి ఆ జవాబు దొరకును. అనగా సమాచారము యంత్రమునకు తెలియును; మనకు చెప్పుటకే దానికి సంకోచము.

మా సూచన క్లిష్టమైనది కాదు. మొదటి పేజీలోనే ఇట్టి ఒక వాక్యముండవలెను: ‘100 మెగాబిట్లు, హాఫ్ డ్యూప్లెక్స్. ఎదుటి పరికరము ఒప్పందమునకు రాలేదు, డ్యూప్లెక్సు ఊహించినది, ఎదుటివైపు అమరిక చూడుడు.’ ఒప్పందము జరిగినచో: ‘1000 మెగాబిట్లు, ఫుల్ డ్యూప్లెక్స్, ఇరుపక్షముల ఒప్పందము.’ మనము బిగించినచో: ‘100, ఫుల్, నిర్వాహకుడు బిగించినది, ఎదుటివైపు కూడ ఇట్లే బిగింపవలెను.’ ఈ మూడు స్థితులకు మూడు వేర్వేరు మాటలుండుటయే మేము కోరునది. ఊహించిన హాఫ్‌ను పచ్చరంగుతో చూపుట సత్యదూరము. పసుపు రంగు వేయవలెను.

దీనికి రెండు ఆక్షేపణలు వినుచున్నాము. ఇన్ని వివరములు చూపినచో సామాన్యుడు తికమకపడునని ఒకటి. సామాన్యుని సంగతి నిజమే కావచ్చును. మేము మాటలాడుచున్నది నిర్వాహకుని తెరను గూర్చి. వైద్యునకు ‘జ్వరము కలదు’ అని మాత్రము చెప్పి, ఎన్ని డిగ్రీలో దాచుట అతనిని తికమక నుండి కాపాడుట కాదు.

రెండవ ఆక్షేపణ బరువైనది. జంట తీగెల గిగాబిట్‌లో ఒప్పందము తప్పనిసరి. పది గిగాబిట్ల ప్రమాణమున హాఫ్ డ్యూప్లెక్సే లేదు. కనుక ఇది చచ్చిన పామును కొట్టుట కాదా యని కొందరి ప్రశ్న. మహానగరముల డేటా సెంటర్లలో ఆ మాట చెల్లవచ్చును. మా వంటి చోట్ల వేలిముద్రల హాజరు యంత్రము, పాత ప్రింటరు, గోడకున్న కెమెరా, ఇంటర్నెట్టువారి పెట్టె వంటివి అనేకము ఇంకను 10, 100 మెగాబిట్లలోనే జీవించుచున్నవి. అంతకంటె ముఖ్యముగా, గిగాబిట్‌లో రోగము రూపు మార్చుకొన్నది. గిగాబిట్టునకు నాలుగు జంటల తీగెలును కావలెను; 100 మెగాబిట్లకు రెండు జంటలు చాలును. ఎలుక కొరికియో, బల్లకాలి క్రింద నలిగియో ఒక జంట తెగినదనుకొందము. ఇరుపక్షములును 1000కి ఒప్పుకొనును, కాని ఆ దారిపై నడువలేవు. కొన్ని కార్డులు అప్పుడు తమంతట తాము 100కి దిగివచ్చును. తెరపై ‘100, ఫుల్’ అని చక్కగా కనబడును. పదవ వంతు వేగముతో గది యంతయు కుంటుచుండును. ఇచట కూడ ఇరువురి ప్రకటనలు ఫలితము పక్కన నున్నచో, ‘ఇరువురును 1000 అనిరి, నడచునది 100’ అని చూచినవెంటనే కేబులును అనుమానింపవచ్చును. లినక్స్ కెర్నెల్‌లో 2020లో ఇట్టి సందర్భమునకే ఒక సందేశము చేరినది. ఒప్పుకొన్న వేగమింత, దిగివచ్చిన వేగమింత, కేబులు చూచుకొనుడని అది చెప్పును. ఎవరు వ్రాసిరో గాని, మనుష్యునితో మాటలాడుట తెలిసినవారు.

చూపుటను గూర్చి ఇంత చెప్పితిమి. అమర్చుటను గూర్చి ఒక్క మాట. ‘100 ఫుల్ మాత్రమే కావలెను’ అని నిర్వాహకుడు కోరుకొనుటకు న్యాయమైన కారణములుండవచ్చును. దానికి ఆటోను చంపివేయ నక్కరలేదు. ఒప్పందమును ఉండనిచ్చి, ప్రకటించు జాబితాలో 100 ఫుల్‌ను మాత్రము ఉంచవచ్చును. ఎదుటివాడును ఆటోలోనే యున్నచో, అతడు ఊహింపడు, విని తెలిసికొనును. అనేక తెరలు ఈ మంచిదారిని ఎచటనో లోపల దాచి, బిగించుటను మాత్రము గుమ్మములోనే నిలుపుచున్నవి. జాబితాలో ‘100 ఫుల్’ అను మాటకు ‘ఇదొక్కటే ప్రకటించును’ అని అర్థమా, ‘మౌనము వహించును’ అని అర్థమా యని పరికరమును బట్టి మారుచుండుట మరియొక బాధ. రెంటికిని వేర్వేరు పేర్లుండవలెను.

పరిభాషను గూర్చి మా మిత్రులు అడుగుచుందురు గనుక చెప్పుచున్నాము. హాఫ్ డ్యూప్లెక్సును ‘అర్ధ ద్విముఖము’ అని తెనిగింపవచ్చును. వినుటకు ఇంపుగానే యుండును. కాని రౌటరు ముందు కూర్చున్న కుర్రవానికి అది మరియొక తెలియని మాట యగును. ‘డ్యూప్లెక్స్’ అను మాటను అట్లే ఉంచి, పక్కన ‘ఒకరి తరువాత ఒకరు’, ‘ఇరువురును ఒకేసారి’ అని వ్రాసిన చాలునని మా తలంపు. ఉర్దూలో ‘బారీ బారీ సే’ అన్నను అంతే. ఆ మాట కొరకు ఎవరును నిఘంటువు తెరువరు.

రాబోవు విద్యాసంవత్సరమున కంప్యూటరు గదికి కొత్త స్విచ్చిలు, ఒక రౌటరు కొనుటకు మా కళాశాల కొనుగోలు సంఘము సిద్ధమగుచున్నది. ధర, వారంటీ, పోర్టుల సంఖ్య అడుగుట ఆచారము. వానితో పాటు, ఒక పోర్టును ఎదుటివైపు 100 ఫుల్ అని బిగించిన యంత్రమునకు తగిలించి, అప్పుడు తెరపై ఏమి కనబడునో మా యెదుట చూపుడని అమ్మువారిని అడుగవలెనని సంఘమునకు వ్రాతపూర్వకముగా మనవి చేసియున్నాము. ఆ పరీక్షకు ఒక కేబులు, రెండు నిమిషములు చాలును.